నడుము ఆపరేషన్‌లో నొప్పి తగ్గడానికి ఇచ్చే బ్లాక్‌కు ఒప్పుకోవచ్చునా?

ప్రశ్న – తెనాలి నుంచి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మగారికి 61 సంవత్సరాలు, బరువు 58 కిలోలు. పదేళ్లుగా మధుమేహం ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంటోంది. నడుములో నాలుగో పూస అయిదో పూస మీద ముందుకు జారిందని, కాళ్లకు వెళ్లే నరాలు అక్కడ నొక్కుకుపోతున్నాయని ఎమ్మారై చూసి చెప్పారు. రెండేళ్లపాటు మాత్రలు, బెల్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. ఇప్పుడు మా ఇంటి నుంచి వీధి చివర ఉన్న పాలకేంద్రం దాకా వెళ్లడానికి కూడా మధ్యలో రెండుసార్లు ఎవరి అరుగు మీదనో కూర్చోవలసి వస్తోంది. అందుకని స్క్రూలు, రాడ్లు వేసి ఆ రెండు పూసలనూ కలిపే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. వచ్చే వారం విజయవాడలో చేస్తారు.

మొన్న మత్తు డాక్టరు గారి దగ్గరికి పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు ఆయన, అమ్మ పూర్తిగా నిద్రలోకి వెళ్లాక బోర్లా పడుకోబెట్టి, కోత పెట్టడానికి ముందే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో చూస్తూ నడుముకు రెండు పక్కలా ఒక బ్లాక్, అంటే నరాలను కొన్ని గంటలు మొద్దుబార్చే ఇంజెక్షన్, ఇస్తామని, దానివల్ల ఆపరేషన్ తరవాత నొప్పి తక్కువగా ఉంటుందని చెప్పారు. ఎరెక్టర్ స్పైనే ప్లేన్ బ్లాక్ అని కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. బయట చాలామంది వేచి ఉండటం వల్ల నేను ఎక్కువ అడగలేకపోయాను.

ఇంటికి వచ్చినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు. తమ్ముడు పుట్టినప్పుడు సిజేరియన్‌కు నడుములో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ వల్లనే తన నడుము ఇలా అయిందని ఆమె గట్టి నమ్మకం. మళ్లీ అక్కడే సూదులు గుచ్చుతామంటే వద్దంటున్నారు. ఈ బ్లాక్ వల్ల కాళ్లు పడిపోయే ప్రమాదం ఉందా, మామూలు నొప్పి ఇంజెక్షన్లతో సరిపోదా, ఇది ఇవ్వడం వల్ల ఆమె నిజంగా త్వరగా కోలుకుంటారా అన్నది తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన. అమ్మకు చదివి వినిపిస్తాను కనుక దయచేసి తెలుగులోనే రాయండి.

మొదటి సమాధానం – మత్తు వైద్యురాలు, విశాఖపట్నం

అమ్మా, నమస్కారం. వెన్నెముక ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నా రోజువారీ పనిలో పెద్ద భాగం. మీ అమ్మగారిని నేను చూడలేదు కనుక ఆమెకు ఇది ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం అక్కడి వైద్యులదే. ఆ నిర్ణయం దేనిమీద ఆధారపడుతుందో మాత్రం ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు సిజేరియన్ సంగతి. మన ప్రాంతంలో నడుము నొప్పితో వచ్చే ప్రతి నలుగురు ఆడవాళ్లలో ఒకరైనా నాతో ఈ మాట అంటారు, నేను ఏనాడూ దాన్ని తీసిపారేయను, ఎందుకంటే వాళ్ల నొప్పి నిజం. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు సలుపు ఉండవచ్చు. అయితే ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంతో వదులైన కీళ్లు, బిడ్డను ఎత్తుకుని వంగి చేసే పనులు, బలహీనపడిన పొట్ట కండరాలు ఆ నొప్పికి ఎక్కువ కారణాలు. నాలుగో పూస అయిదో పూస మీదికి జారడం యాభై దాటిన స్త్రీలలో కీళ్ల అరుగుదల వల్ల తరచుగా కనిపించే మార్పు. ముప్పై ఏళ్ల కిందటి సూది పూసను జార్చలేదని ఆమెకు నా మాటగా చెప్పండి.

ఇక ఈ బ్లాక్. వెన్నుపాము నుంచి పూసల మధ్యగా బయటికి వచ్చిన ప్రతి నరమూ వెంటనే రెండు పాయలుగా చీలుతుంది. ముందు పాయ పెద్దది. నడుము దగ్గర ఆ పాయలన్నీ కలిసి కాళ్లకు కదలికనూ స్పర్శనూ ఇస్తాయి. వెనక పాయ చిన్నది. అది వీపు కండరాలకూ, పూసల వెనక ఉండే చిన్న కీళ్లకూ, నడుము మీది చర్మానికీ వెళుతుంది. మీ అమ్మగారి ఆపరేషన్‌లో చర్మం కోసి, కండరాలను ఎముక మీది నుంచి పక్కకు తప్పించి, స్క్రూలు బిగించేది సరిగ్గా ఈ వెనక పాయ ఏలుబడిలో ఉన్న ప్రాంతంలోనే. ఆ పాయను మాత్రమే కొన్ని గంటలు మొద్దుబార్చగలిగితే, కాళ్ల జోలికి పోకుండా గాయం నొప్పిని తగ్గించవచ్చునన్నది ఇందులోని ఆలోచన.

సూది ఎక్కడికి వెళుతుందో తెలిస్తే ఆమె భయం సగం తగ్గుతుంది. సిజేరియన్‌లో సూది పూసల మధ్య నుంచి వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలోకి వెళ్లింది. ఇది అక్కడికి వెళ్లదు. వెన్నుకు మధ్యగీత నుంచి కాస్త పక్కకు, ప్రతి పూసకూ రెక్కలా పక్కకు చాచుకుని ఉండే ఎముక ఒకటి ఉంటుంది. స్కానింగ్ తెర మీద అది తెల్లటి గీతలా మెరుస్తుంది, దాని కింద నల్లటి నీడ పడుతుంది. ఆ ఎముక మీద, వెన్నును నిటారుగా నిలిపే పొడుగాటి కండరం ఆనుకుని ఉంటుంది. సూది మొనను తెర మీద చూస్తూ ఆ తెల్లటి గీతకు తగిలేదాకా తీసుకువెళ్లి ఆపుతాం. ఎముకే అక్కడ గోడలా అడ్డుగా ఉంటుంది. అప్పుడు మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తే, అది చాప కింద నీరులా ఎముకకూ కండరానికీ మధ్య పాకుతుంది, కండరం మొత్తంగా ఎముక మీది నుంచి పైకి లేవడం కళ్లకు కనిపిస్తుంది. అలా లేచిందంటే మందు సరైన పొరలో ఉన్నట్టు. కండరం లోపలే ఉబ్బుగా కనిపిస్తే సూదిని మళ్లీ సరిచేస్తాం.

ఈ పద్ధతిని మొదట 2016లో కెనడాలో ఫొరేరో అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఛాతీ భాగంలో ఎంతకూ తగ్గని నరాల నొప్పికి వాడి ప్రచురించారు. అందులో కష్టమైన మెలకువలు తక్కువ, గుచ్చుకుంటే ప్రాణాపాయం కలిగే అవయవాలు సూది దారిలో లేవు, అందుకే కొద్ది ఏళ్లలోనే ప్రపంచమంతా వ్యాపించింది. దీనికన్నా ఒక ఏడాది ముందు, 2015లో, నడుము కండరాల మధ్య పొరలోకే మందు ఇచ్చే టీఎల్ఐపీ అనే ఇంకో బ్లాక్ వచ్చింది; వెన్ను ఆపరేషన్లకు దాన్నే ఇష్టపడేవారూ ఉన్నారు. ఇందులో ఏది వాడినా గురి వెనక పాయలే.

మామూలు ఇంజెక్షన్లతో సరిపోదా అని అడిగారు. జర్మనీలో 179 రకాల ఆపరేషన్ల తరవాత మొదటి రోజు నొప్పిని పోల్చి 2013లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, వెన్నుపూసలను కలిపే ఆపరేషన్లు అత్యంత నొప్పి కలిగించే వాటి వరసలో నిలిచాయి. అంత నొప్పిని మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ వంటి మందులతోనే అణచాలంటే మోతాదు పెరుగుతుంది; దానితోపాటు వాంతులు, మగత, మలబద్ధకం, మూత్రం ఆగడం, పెద్దవారిలో అయోమయం, ఒక్కోసారి ఊపిరి మందగించడం కూడా పెరుగుతాయి. వాంతి వస్తున్న మనిషి కుట్లున్న నడుముతో మంచం మీద పక్కకు తిరగడం ఎంత యాతనో ఒక్కసారి చూస్తే మరచిపోలేం. అందువల్ల ఇప్పుడు ఎవరూ ఒకే మందు మీద ఆధారపడరు. పారాసెటమాల్, మూత్రపిండాలు బాగుంటే నొప్పీ వాపూ తగ్గించే మందు, మత్తులో ఉన్నప్పుడు కొద్ది మోతాదులో కెటమిన్ అనే మత్తుమందు, వీటికి తోడు ఒక బ్లాక్ ఇలా కలిపి వాడతారు.

దీనికున్న హద్దులు కూడా చెప్పాలి. ఈ బ్లాక్ మీద వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, మొదటి 24 గంటల్లో మార్ఫిన్ వంటి మందుల వాడకం, నొప్పి, వాంతులు కొంత తగ్గుతున్నాయి. కానీ తేడా ఏమీ కనిపించలేదన్న మంచి అధ్యయనాలు కూడా ఉన్నాయి. నెల, ఆరునెలల తరవాత మనిషి ఎంత బాగా నడుస్తున్నారన్నదానిలో ఈ బ్లాక్ తేడా తెస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవు. ఇంకొకటి, పూసల మధ్య ఉండే డిస్క్‌కూ, దాని చుట్టుపక్కలకూ స్పర్శ వేరే సన్నని నరాల నుంచి వస్తుంది. ఆ డిస్క్ తీసి అక్కడ కేజ్ అనే చిన్న ఆధారం పెడితే ఆ లోపలి నొప్పిని ఈ బ్లాక్ పూర్తిగా ఆపలేదు. కాలులోకి లాగే పాత నరం నొప్పికి కూడా ఇది మందు కాదు. ఒక్కసారి ఇచ్చిన బ్లాక్ సాధారణంగా 8 నుంచి 12 గంటలు, కొందరిలో ఇంకా ఎక్కువ పనిచేసి, తరవాత వెళ్లిపోతుంది.

కాళ్లు పడిపోయే భయం గురించి. ఇది ముందు పాయల దాకా సాధారణంగా పోదు కనుక కాళ్లలో బలం నిలిచే ఉంటుంది, వెన్నుపాము పొర బయట మందు ఇచ్చే ఎపిడ్యూరల్ కన్నా దీన్ని వెన్ను ఆపరేషన్‌కు ఇష్టపడడానికి ముఖ్య కారణం అదే. నడుము దగ్గర ఇచ్చినప్పుడు మందు లోపలికి పాకి కొన్ని గంటలు కాళ్లు బరువెక్కిన సందర్భాలు అరుదుగా నమోదయ్యాయి, మందు దిగిపోగానే అవి సర్దుకున్నాయి. అయినా ఆపరేషన్ తరవాత కాలు కదలకపోతే, అది బ్లాక్ వల్లేలే అని ఎవరూ ఊరుకోకూడదు. గాయం లోపల రక్తం చేరి నరాలను నొక్కుతున్నా అలాగే ఉంటుంది, దానికి వెంటనే మళ్లీ ఆపరేషన్ కావలసి రావచ్చు. కాలిలో కొత్తగా బలహీనత, కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం, నొప్పి అంతకంతకూ పెరగడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే డాక్టరును పిలిపించండి.

మరో ప్రమాదం మందు మోతాదు. బ్లాక్‌లో నరాలను మొద్దుబార్చే బూపివకైన్ అనే మందును సాధారణంగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాములకు లోపల ఉంచుతాం. మీ అమ్మగారికి అది 116 మిల్లీగ్రాములు. 0.25 శాతం మందును ఒక్కో పక్క 20 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తే మొత్తం 100 మిల్లీగ్రాములు, అంటే హద్దుకు దగ్గరగా వచ్చేసినట్టే. ఆపరేషన్ చివర సర్జన్ కూడా గాయంలో అదే మందు ఇంకో 20 మిల్లీలీటర్లు వేస్తే 150 అవుతుంది. మోతాదు మించితే మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. దానికి విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణం ఆపరేషన్ గదిలో ఉంచుతారు. అందువల్ల మత్తు వైద్యుడు ఎంత మందు వాడారో సర్జన్‌కు తెలిసి ఉండాలి. మా దగ్గర ఆ అంకెను గోడ మీది బోర్డు మీద రాస్తాం.

మధుమేహం ఉందన్నారు కనుక ఒక్క మాట. బ్లాక్ ఎక్కువసేపు ఉండటానికీ, వాంతులు రాకుండానూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తుంటారు. దానివల్ల ఒకటి రెండు రోజులు చక్కెర పెరుగుతుంది. ఇవ్వకూడదని కాదు, ఇస్తే చక్కెర తరచుగా చూడాలి.

రెండో సమాధానం – వరంగల్ నుంచి

పై వివరణ చదివాక, పోయిన సంవత్సరం మా నాన్నగారికి జరిగింది రాయాలనిపించింది. ఆయనకు కూడా ఇదే ఆపరేషన్, ఇదే బ్లాక్. ఆసుపత్రి పేరు రాయను, అక్కడి సర్జన్ పనితనం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

మధ్యాహ్నం వార్డుకు తెచ్చేసరికి నాన్న మమ్మల్ని చూసి నవ్వారు. నొప్పి ఉందా అంటే లాగుతున్నట్టుంది అంతే అన్నారు. సాయంత్రం ఇడ్లీ తిన్నారు. నొప్పి లేదన్నారు కదా అని రాత్రికి రాసి ఉన్న పారాసెటమాల్ సెలైన్‌ను డ్యూటీలో ఉన్నవారు ఇవ్వలేదు. అవసరమైతే పిలవండి అని చెప్పి వెళ్లారు. మేము కూడా మందు తగ్గితే మంచిదే కదా అనుకున్నాం. రాత్రి రెండు గంటలకు నాన్న మంచం ఇనుప చువ్వను రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి, చెమటలు కక్కుతూ కనిపించారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పొలంలో పాము కరిచినా కూడా అరవని మనిషి, ఆ రాత్రి అమ్మను పిలిచి ఏడ్చారు. మేము పరుగెత్తి చెప్పడం, వాళ్లు డాక్టరుకు ఫోన్ చేయడం, ఇంజెక్షన్ తెప్పించడం, అది పనిచేయడం, ఇవన్నీ అయ్యేసరికి నాలుగున్నర. మరునాడు కూర్చోబెట్టడానికి ఫిజియోథెరపీ వారు వస్తే భయంతో ససేమిరా అన్నారు. ఒక రోజు అలా పోయింది.

బ్లాక్ దిగిపోతుందని మాకు ఎవరూ ముందు చెప్పలేదు. అది ఎన్ని గంటలకు ఇచ్చారో మాకు తెలిసి ఉంటే, దిగేలోపే మందు పడేలా అడిగి ఉండేవాళ్లం. అక్కా, మీరు ఆపరేషన్ రోజు ఆ సమయం అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి. నొప్పి లేకపోయినా గంటల ప్రకారం ఇవ్వవలసిన మందు ఇప్పించండి. ఈ ఒక్కటీ మా నాన్నకు జరిగి ఉంటే ఆ రాత్రి వేరుగా ఉండేది.

మొదటి సమాధానం రాసిన వైద్యురాలు

వరంగల్ సోదరుడు రాసినది నేను రాయవలసి ఉండీ రాయని విషయం, అది నా సమాధానంలో పెద్ద లోపం. బ్లాక్ దిగినప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎగసినట్టు ఉంటుంది, ఎందుకంటే అప్పటిదాకా ఒంటిలో వేరే మందేదీ పనిచేయడం లేదు. దీనికి తెలిసిన పరిష్కారం ఆయన చెప్పినదే. యాభై కిలోలు దాటి, కాలేయం బాగున్నవారికి పారాసెటమాల్ ఆరు గంటలకొకసారి 1 గ్రాము, రోజుకు 4 గ్రాములు మించకుండా, నొప్పి ఉన్నా లేకున్నా గడియారం ప్రకారం పడాలి. రెండో మందు ఏమిటన్నది మూత్రపిండాల పరీక్ష చూసి మీ డాక్టరు నిర్ణయిస్తారు. పూసలు అతుక్కోవడానికి అడ్డు వస్తాయేమోనని కొందరు సర్జన్లు నొప్పీ వాపూ తగ్గించే డైక్లోఫెనాక్ వంటివి ఇష్టపడరు. కొద్ది రోజులు మామూలు మోతాదులో ఇస్తే పెద్ద హాని లేదని ఎక్కువమంది అభిప్రాయం, అయినా ఈ విషయంలో సర్జన్ మాటే వినండి.

మూడో సమాధానం – వెన్నెముక సర్జన్, కర్నూలు

క్లుప్తంగా రాస్తున్నాను. మీ ఆసుపత్రిలో ఏ కారణం వల్లనైనా ఈ బ్లాక్ కుదరకపోతే ఆందోళన పడవద్దు. మన చిన్న పట్టణాల్లో చాలాచోట్ల మత్తు వైద్యుల చేతికి స్కానింగ్ యంత్రం అందదు. లింగ నిర్ధారణను అరికట్టే 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి యంత్రాన్నీ నమోదు చేయించాలి, ఇష్టం వచ్చిన చోటికి తీసుకుపోవడానికి వీల్లేదు. చట్టం అవసరమైనదే, దాని పని అది చేస్తోంది. కానీ ఆ కారణంగా ఆపరేషన్ గదికి ప్రత్యేకంగా ఒక యంత్రం కొనని ఆసుపత్రులు ఉన్నాయి. అటువంటి చోట సీ-ఆర్మ్ ఎక్స్‌రేలో ఎముక రెక్కను చూస్తూ ఇదే బ్లాక్ ఇవ్వవచ్చు. అదీ లేకపోతే కుట్లు వేసే ముందు మేమే గాయం అంచుల్లో, కండరాల్లో మందు ఎక్కిస్తాం. దాని ప్రభావం తక్కువ గంటలే ఉంటుంది, అయినా కళ్లు తెరిచే సమయానికి ఎంతో మేలు చేస్తుంది. పెద్ద ఆపరేషన్లలో వెన్నునీటిలోకి ఒక చిన్న మోతాదు మార్ఫిన్ ఇచ్చేవారూ ఉన్నారు. అది బాగా పనిచేస్తుంది, కానీ దురద, వాంతులు ఉంటాయి, ఊపిరి మందగించే అవకాశం ఉన్నందువల్ల ఒక రోజు దగ్గరుండి కనిపెట్టాలి.

నాలుగో సమాధానం – ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్

నేను రోగులను చూసేది బ్లాక్ ఇచ్చాక, కనుక నా వైపు నుంచి చెప్తాను. నొప్పి తగ్గించడం దేనికంటే మనిషి కదలడానికి. బ్లాక్ పనిచేస్తున్న మొదటి సాయంత్రం చాలా విలువైనది. ఆ సమయంలో పక్కకు తిరగడం నేర్పగలిగితే మరునాడు సగం పని అయిపోయినట్టే. అమ్మగారి చేత ఇది ఇప్పుడే, ఆపరేషన్‌కు ముందే, ఇంట్లో మంచం మీద సాధన చేయించండి. వెల్లకిలా పడుకుని రెండు మోకాళ్లూ మడవాలి. భుజం, తుంటి, మోకాళ్లు మూడూ ఒకేసారి, దొర్లే దుంగలా పక్కకు తిరగాలి. నడుము మెలి తిరగకూడదు. ఆ తరవాత పాదాలను మంచం అంచు నుంచి కిందికి జారవిడుస్తూ, అదే సమయంలో కింది మోచేత్తో, పై అరచేత్తో మంచాన్ని నొక్కుతూ లేచి కూర్చోవాలి. ఆపరేషన్ అయ్యాక, నొప్పిలో, కొత్తగా నేర్పితే ఎవరికీ ఎక్కదు. ముందే నాలుగు రోజులు చేసి ఉంటే ఒళ్లే గుర్తు చేసుకుంటుంది.

రెండో విషయం, మన అమ్మలు నొప్పి ఎంత ఉందంటే ఫరవాలేదమ్మా అంటారు. పక్క మంచాల వాళ్లు వింటారని, పిల్లలు బాధపడతారని ఓర్చుకుంటారు. అందువల్ల కదలకుండా పడుకున్నప్పుడు అడగకండి. పక్కకు తిరిగినప్పుడు, దగ్గినప్పుడు, సున్నా నుంచి పదిలో ఎంత అని అడగండి. పడుకుంటే రెండు, తిరిగితే ఎనిమిది అయితే ఆ మందులు చాలనట్టే. ఆ సంగతి నర్సుకు అంకెతో చెప్పండి. బ్లాక్ వల్ల నొప్పి తెలియడం లేదని గబుక్కున వంగడం, ఒంటరిగా మంచం దిగడం కూడా చేయనివ్వకండి.

మలబద్ధకాన్ని కూడా తేలికగా తీసుకోవద్దు. ముక్కితే కుట్ల దగ్గర పోటు వస్తుంది. మొదటి రోజు నుంచే డాక్టరును అడిగి మెత్తబరిచే మందు మొదలుపెట్టండి. ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి మాత్రమే ఉంటే, ఇప్పుడే ఎత్తు కుర్చీ కమోడ్ ఒకటి తెచ్చి పెట్టండి. చాలా ఇళ్లలో ఈ సంగతి డిశ్చార్జి రోజున గుర్తుకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు – ఆపరేషన్ అయిన పన్నెండు రోజుల తరవాత

మీ అందరికీ నా నమస్కారాలు. మీ సమాధానాలు రెండు రాత్రులు అమ్మకు చదివి వినిపించాను. సూది వెన్నుపాములోకి పోదని, ఎముక దగ్గరే ఆగుతుందని విన్నాక ఆ పేరా మళ్లీ చదవమన్నారు. మూడోసారి చదివాక, సరే, ఇవ్వనీ అన్నారు.

ఆపరేషన్ రోజు మత్తు డాక్టరు గారిని మళ్లీ కలిసి, సర్జన్ గారు కూడా మందు వేస్తారా, మొత్తం ఎంత అవుతుంది అని అడిగాను. ఆయన విసుక్కోకుండా, ఆ లెక్క తామిద్దరం ముందే చూసుకున్నామని, సర్జన్ ఇక వేయరని చెప్పారు. బ్లాక్ ఉదయం 8:40కి ఇచ్చారు. నేను ఆ అంకెను అమ్మ ఫైలు అట్ట మీద పెన్నుతో రాశాను. మధ్యాహ్నం ఒకటింటికి వార్డుకు వచ్చాక రెండు పాదాలూ కదిలించి చూపించారు. సాయంత్రం పక్కకు తిరిగినప్పుడు అంకె 3 అన్నారు. పారాసెటమాల్ సెలైన్ గంటల ప్రకారం పెట్టించాను. ఒకసారి నర్సమ్మ గారు నొప్పి లేదు కదా అంటే, బ్లాక్ దిగే సమయం అవుతోందని చెప్పాను, వెంటనే పెట్టారు. రాత్రి పదకొండుకు అంకె 6 అయింది. ట్రమడాల్ ఇచ్చారు, ఒకసారి వాంతి అయింది, తరవాత 4కు తగ్గి నిద్రపోయారు. డెక్సామెథసోన్ ఇచ్చారట, మరునాడు పొద్దున చక్కెర 268 ఉంది. ఇన్సులిన్‌తో రెండో రోజుకు అదుపులోకి వచ్చింది.

మరునాడు పదింటికి ఇంట్లో సాధన చేసినట్టే దుంగలా తిరిగి, మోచేయి ఆనించి, తనంతట తానే లేచి కూర్చున్నారు. వాకర్ పట్టుకుని తలుపు దాకా వెళ్లి వచ్చారు. నొప్పి లేదని కాదు, తలుపు దగ్గర ఆగి చాలాసేపు కళ్లు మూసుకున్నారు. అయిదో రోజు ఇంటికి వచ్చాం.

ఒక సందేహం మిగిలింది. కుట్లు ఎల్లుండి తీస్తారు. ఎడమ కాలి పిక్క పక్కన రాత్రిపూట చీమలు పాకినట్టు ఉంటోందట. కాలిలో బలం బాగానే ఉంది, మూత్రానికీ ఇబ్బంది లేదు. ఇది బ్లాక్ వల్ల మిగిలినదా?

మొదటి సమాధానం రాసిన వైద్యురాలు

ఆమె తలుపు దాకా నడిచారని చదివి చాలా సంతోషించాను. పన్నెండు రోజుల తరవాత ఆ బ్లాక్ మందు ఒంటిలో ఉండదు, పైగా అది ఇచ్చింది వీపుకు వెళ్లే పాయలకు, పిక్కకు వెళ్లే నరానికి కాదు. ఏళ్ల తరబడి నొక్కుకుపోయిన నరం ఒత్తిడి నుంచి బయటపడ్డాక కొన్ని వారాలు, కొందరిలో కొన్ని నెలలు అలా చిమచిమలాడటం మామూలే. మధుమేహం ఉన్నవారిలో ఇంకాస్త ఆలస్యంగా తగ్గవచ్చు. ఎల్లుండి కుట్లు తీసేటప్పుడు సర్జన్ గారికి ఆ చోటు వేలితో చూపించండి, బొటనవేలు పైకి ఎత్తే బలం ఒకసారి పరీక్షించమని అడగండి. ఈలోగా బలం తగ్గినట్టు అనిపించినా, గాయం దగ్గర తడి, ఎరుపు, జ్వరం కనిపించినా ఎల్లుండి దాకా ఆగకుండా ఈరోజే వెళ్లండి.